హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు రక్తనాళాల ఆరోగ్యాన్ని ఏ పరీక్షతో తెలుసుకోవాలి?

ప్రశ్న
రాసినవారు: తూర్పుగాలి

అందరికీ నమస్కారం. నాకు హెచ్‌ఐవీ ఉంది, వయసు 47. పదేళ్ళకు పైగా ఏఆర్‌టీ (వైరస్‌ను అదుపులో ఉంచే) మందులు క్రమం తప్పకుండా వేసుకుంటున్నాను. ప్రస్తుతం టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ పరిమాణం, చాలాకాలంగా పరీక్షకు దొరకని స్థాయిలో ఉంది. సీడీ4 (రోగనిరోధక కణాల) సంఖ్య ఇప్పుడు 600 దాటింది గానీ, మందులు మొదలుపెట్టేనాటికి 200 కంటే తక్కువగా ఉండేది. సిగరెట్లు కొన్నేళ్ళ కిందట మానేశాను. షుగరు లేదు. చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 118, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 38. బీపీ ఎప్పుడు చూసినా 130కీ 138కీ మధ్య, కింది అంకె 84 నుంచి 88 దాకా ఉంటోంది.

ఈమధ్య ఒక ఆరోగ్య పరీక్షల కేంద్రంలో నన్ను పడుకోబెట్టి, రెండు చేతులకూ రెండు చీలమండలకూ పట్టీలు చుట్టి, కొద్ది నిమిషాల్లో ఒక కాగితం అచ్చు తీసి చేతిలో పెట్టారు. అందులో ‘మీ రక్తనాళాల వయసు 58’ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో చీలమండ, భుజాల బీపీ నిష్పత్తి 1.08 అనీ, నాడీతరంగ వేగం సెకనుకు 1540 సెంటీమీటర్లు అనీ రాశారు. మెడ ధమనుల స్కాను, గుండె సీటీ కూడా చేయించుకోమని అక్కడివారు సూచించారు. నాకు హెచ్‌ఐవీ మందులు ఇచ్చే వైద్యులు మాత్రం ఆ కాగితాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టి, ‘స్కానుల సంగతి తరవాత, స్టాటిన్ గురించి ఆలోచించండి’ అన్నారు. స్టాటిన్ అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర. రద్దీ వల్ల వివరంగా అడగడానికి వీలు పడలేదు.

ఆ 58 అనే అంకెను నేను ఎంతవరకు నమ్మాలి? ధమనులను పాడుచేసేది వైరస్సా, మందులా? ఎల్‌డీఎల్ అంత ఎక్కువ లేనప్పుడు స్టాటిన్ ఎందుకు? పరీక్షలు చేయించుకోవలసి వస్తే దేనికి విలువ ఎక్కువ? తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.


సమాధానం 1
రాసినవారు: నాడీతరంగం

తూర్పుగాలి గారూ, నేను రక్తనాళాల అల్ట్రాసౌండ్ ల్యాబులో పనిచేస్తాను. మందుల సంగతి వైద్యులే చెప్పాలి; మీ కాగితం మీది అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో మాత్రం నేను చెప్పగలను.

ఏ యంత్రమూ వయసును కొలవదు. గుండె కొట్టుకున్నప్పుడు పుట్టిన నాడీతరంగం మీ భుజాన్ని ఎప్పుడు చేరింది, చీలమండను ఎప్పుడు చేరింది, ఈ రెంటి మధ్య వ్యవధి ఎంత అన్నదే ఆ యంత్రం కొలిచింది. ఆ వ్యవధి సెకనులో పదోవంతు కూడా ఉండదు. తరంగం నడిచిన దూరాన్ని టేపు పెట్టి కొలవరు. మీ ఎత్తును బట్టి ఒక సూత్రంతో లెక్కగడతారు. ధమని గోడ ఎంత బిరుసుగా ఉంటే తరంగం అంత వేగంగా పరుగెత్తుతుంది కాబట్టి, వచ్చిన వేగాన్ని యంత్రంలో ముందే ఎక్కించిన పట్టికతో పోల్చి, ఏ వయసువారి సగటుకు దగ్గరగా ఉందో ఆ వయసును అచ్చువేస్తారు. పట్టిక మారితే మీ ‘వయసు’ కూడా మారుతుంది. 58ని కాసేపు పక్కన పెట్టి, 1540ని చూద్దాం. ఈ పద్ధతిలో సాధారణంగా 1400కు లోపుంటే బాగుందనీ, 1800 దాటితే ముప్పు ఎక్కువనీ చెబుతారు. మీది మధ్యలో ఉంది. అయితే ఆ క్షణాన బీపీ ఎక్కువగా ఉంటే గోడ బిగుసుకుని వేగం దానంతట అదే పెరుగుతుంది. 138 బీపీతో, కంగారుగా పడుకున్న మనిషికి 1540 రావడంలో విడ్డూరం లేదు. పైగా ఈ దారిలో బృహద్ధమనితో పాటు కాలి ధమనులు కూడా కలిసి ఉంటాయి. బృహద్ధమని బిరుసుతనాన్ని నేరుగా తెలుసుకోవాలంటే మెడ దగ్గరా గజ్జ దగ్గరా నాడిని పట్టి కొలిచే పద్ధతి మేలు. అందులో సెకనుకు 10 మీటర్లు దాటితే ఎక్కువగా లెక్క.

1.08 అన్న నిష్పత్తి మాత్రం మీకు మంచి వార్త. చీలమండ బీపీని చేతి బీపీతో భాగించగా వచ్చేది ఇది. 0.90 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే కాలి ధమనుల్లో పూడిక ఉన్నట్టు భావిస్తారు, 1.40 దాటితే గోడలు సున్నం పట్టి పట్టీ ఒత్తిడికి లొంగడం లేదని అర్థం. మీది ఆ రెంటికీ దూరంగా ఉంది. దీన్ని ఎర్ర అక్షరాల్లో వేయరు, ఎందుకో మీరే ఊహించుకోండి.

ఇక హెచ్‌ఐవీ పరిశోధనల్లో తరచు కనిపించే పరీక్ష ఎఫ్‌ఎండీ. ధమని లోపలి పొర అయిన ఎండోథీలియం ఎంత చురుగ్గా ఉందో చూసే ఈ పద్ధతిని 1992లో సెలర్‌మాయర్ బృందం ప్రచురించింది. ముంజేతికి పట్టీ చుట్టి, పై బీపీకంటే కనీసం 50 ఎక్కువ ఒత్తిడితో 5 నిమిషాలు రక్తప్రవాహాన్ని ఆపి, ఒక్కసారిగా వదులుతారు. రక్తం ఉరకలేస్తూ వచ్చినప్పుడు ఆరోగ్యంగా ఉన్న లోపలి పొర నైట్రిక్ ఆక్సైడును విడుదల చేస్తుంది, దానితో మోచేతికి పైనున్న ధమని వ్యాకోచిస్తుంది. ఆ వ్యాకోచం శాతమే ఫలితం. చదవడానికి సులువుగానే ఉంటుంది. చేసేటప్పుడు తెలుస్తుంది అసలు కష్టం: 4 మిల్లీమీటర్ల ధమని 6 శాతం వ్యాకోచించడమంటే 0.24 మిల్లీమీటరు పెరగడం. అంటే ఒక్క శాతం తేడా 0.04 మిల్లీమీటరు. పట్టీ వదిలిన తరవాత వేళ్ళు తిమ్మిరెక్కి మనిషి చెయ్యి ఒక వెంట్రుకవాసి కదిపినా, ప్రోబు కోణం కాస్త జారినా, ఆ తేడా అందులో కొట్టుకుపోతుంది. ఉదయం కాఫీ తాగి వచ్చినా, సిగరెట్టు కాల్చినా, భోజనం చేసినా, గది చల్లగా ఉన్నా ఫలితం మారుతుంది. అందుకే పరగడుపున, నిశ్శబ్దమైన గదిలో, కనీసం పది నిమిషాలు పడుకోబెట్టాకే మొదలుపెడతాం. ఒకే తీరుగా కొలిచే పరీక్షకులు వంద మందిని కొలిచి సగటు తీస్తే దానికి ఎంతో విలువ ఉంది. ఒక్క మనిషిని ఒక్కసారి కొలిచి ‘మీకు 5 శాతం వచ్చింది, జాగ్రత్త’ అని చెప్పడాన్ని నేను ఒప్పుకోను.

మెడ ధమని గోడ మందం సంగతి కూడా ఇంచుమించు ఇంతే. మధ్యవయసులో అది మిల్లీమీటరులో ఆరు నుంచి తొమ్మిది పదోవంతులుంటుంది, ఏడాదికి పెరిగేది సగటున నూరోవంతు అటూ ఇటూ. కాబట్టి ఏటేటా కొలిపించుకుని పోల్చుకోవడం దండగ. మందాన్ని కొలిచే బదులు పూడిక గడ్డలు ఉన్నాయా లేదా అని చూడడం వేరు; గోడ ఒకచోట 1.5 మిల్లీమీటర్లకు మించి మందంగా ఉన్నా, పక్కనున్న గోడకంటే అర మిల్లీమీటరు గానీ సగం గానీ ఎత్తుగా లోపలికి పొడుచుకు వచ్చినా దాన్ని పూడికగా గుర్తిస్తాం. నన్నడిగితే మెడ స్కానులో పనికొచ్చే సమాచారం అదొక్కటే.


సమాధానం 2
రాసినవారు: అపరాహ్ణం

నేను అంటురోగాల వైద్యంలో ఉన్నాను, హెచ్‌ఐవీ ఉన్నవారిని చాలాకాలంగా చూస్తున్నాను. నాడీతరంగం గారు కొలతల గురించి చెప్పినదంతా సరైనదే. మిగిలిన ప్రశ్నలకు నా సమాధానం ఇది.

వైరస్సా, మందులా అన్న సందేహం ఒకప్పుడు వైద్యులనూ పీడించింది. 2003లో వెలువడిన డీ-ఏ-డీ అధ్యయనం, మందులు వాడిన ప్రతి సంవత్సరానికీ గుండెపోటు ముప్పు 26 శాతం చొప్పున పెరుగుతోందని చెప్పేసరికి నేరమంతా మందుల మీదికి పోయింది. అప్పటి మందులు కొలెస్ట్రాల్‌ను, ట్రైగ్లిజరైడ్లను బాగా పెంచేవి కూడా. 2006లో 5472 మందితో జరిగిన స్మార్ట్ అధ్యయనం ఆ ఆలోచనను తలకిందులు చేసింది: సీడీ4 బాగున్నప్పుడు మందులు ఆపి, తగ్గినప్పుడు మళ్ళీ మొదలుపెట్టిన వారిలో మరణాలతో పాటు గుండె జబ్బులు కూడా ఎక్కువగా కనిపించాయి. మందులు ఆపగానే వైరస్ విజృంభిస్తుంది, దానితో శరీరంలో తాపం (ఇన్‌ఫ్లమేషన్) పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే స్వభావమూ పెరుగుతుంది. ధమనికి మందుల మీది కోపం కంటే అదుపులేని వైరస్ మీది కోపమే ఎక్కువన్నమాట. నాడీతరంగం గారు చెప్పిన ఎఫ్‌ఎండీ పరీక్షనే వాడిన ఒక అధ్యయనంలో, కొత్తగా ఏఆర్‌టీ మొదలుపెట్టినవారి ధమనులు, మూడు వేర్వేరు రకాల మందుల కలయికల్లో ఏది వాడినా, నాలుగు వారాలకే మెరుగ్గా వ్యాకోచించడం కనబడింది. సగటుల మీద ఆ పరీక్ష ఎంత బాగా పనిచేస్తుందో చెప్పడానికి అది మంచి ఉదాహరణ.

అయితే వైరస్ అదుపులో ఉన్నంత మాత్రాన తాపం పూర్తిగా చల్లారదు. పేగు గోడలోని రక్షణ కణాలు వ్యాధి తొలినాళ్ళలోనే దెబ్బతినడం వల్ల సూక్ష్మజీవుల తునకలు రక్తంలోకి చేరుతూనే ఉంటాయి. మోనోసైట్లు అనే తెల్లకణాలు రెచ్చిపోయి ధమని గోడలోకి దూరి, కొవ్వును మింగి అక్కడే ఉండిపోతాయి. సీడీ4 బాగా పడిపోయాక మందులు మొదలుపెట్టినవారిలో ఈ ఇబ్బంది ఎక్కువ. మీ పాత లెక్క 200 లోపు ఉండడాన్ని నేను అందుకే పట్టించుకుంటాను. 2013లో ప్రచురితమైన, 82,459 మంది మాజీ అమెరికన్ సైనికుల వివరాలున్న అధ్యయనంలో, సిగరెట్టు, బీపీ, షుగరు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా హెచ్‌ఐవీ ఉన్నవారిలో గుండెపోటు ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉన్నట్టు తేలింది. మందుల్లో ఒక్క అబాకావిర్ విషయంలోనే నేను ఇప్పటికీ జాగ్రత్త పడతాను. 2008 నుంచి దాని మీద అనుమానం వీడలేదు, గుండె ముప్పు ఉన్నవారికి వేరే దారి ఉంటే దాన్ని ఇవ్వను. మీరు వాడుతున్న మాత్రలో అది లేదు.

స్టాటిన్ ఎందుకన్నారు. ఎల్‌డీఎల్‌ను దించడానికే స్టాటిన్ అనుకుంటే మీ ప్రశ్న సబబే. కానీ 2023లో వెలువడిన రిప్రీవ్ అధ్యయనం సరిగ్గా మీలాంటివారి మీదే జరిగింది: 12 దేశాలకు చెందిన 7769 మంది, 40 నుంచి 75 ఏళ్ళవారు, ఏఆర్‌టీ వాడుతున్నవారు, అప్పటికి గుండె జబ్బు లేనివారు, మామూలు లెక్కల ప్రకారం ముప్పు తక్కువగా గానీ మధ్యస్థంగా గానీ ఉన్నవారు. వారి ఎల్‌డీఎల్ మధ్యస్థ విలువ 108 మాత్రమే. అంటే మీకంటే తక్కువ. రోజుకు 4 మిల్లీగ్రాముల పిటావాస్టాటిన్ ఇచ్చినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఘటనలు 35 శాతం తగ్గాయి, దాంతో అధ్యయనాన్ని అనుకున్న గడువుకంటే ముందే ఆపారు. ఈ 35 శాతాన్ని చూసి ఉబ్బిపోనక్కరలేదు. అయిదేళ్ళపాటు 106 మంది మాత్ర వేసుకుంటే ఒకరికి అలాంటి ఘటన తప్పుతుందన్నది అదే ఫలితానికి ఇంకో రూపం. కొత్తగా షుగరు వచ్చినవారు స్టాటిన్ వర్గంలో 5.3 శాతం, ఉత్తుత్తి మాత్ర వర్గంలో 4 శాతం. కండరాల నొప్పులూ కొద్దిగా ఎక్కువే. ఇవన్నీ తెలిసే నిర్ణయించుకోవాలి.

2024లో అమెరికా ఆరోగ్యశాఖ నిపుణుల బృందం, 40 నుంచి 75 ఏళ్ళ మధ్య హెచ్‌ఐవీ ఉన్నవారికి వచ్చే పదేళ్ళలో గుండెపోటు, పక్షవాతం వంటివి వచ్చే ముప్పు 5 శాతం నుంచి 20 శాతం లోపు ఉంటే మధ్యస్థ మోతాదు స్టాటిన్ ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. 5 శాతంకంటే తక్కువ ఉన్నవారిలోనూ ఇవ్వడం వైపే మొగ్గింది గానీ, ప్రయోజనం స్వల్పం కాబట్టి మనిషితో మాట్లాడి తేల్చుకోమంది. మీరిచ్చిన అంకెలతో మీ ముప్పు 5 శాతానికి దగ్గర్లో, బహుశా కొంచెం కిందే ఉంటుంది. హెచ్‌ఐవీ ఉన్నవారి విషయంలో ఈ లెక్కలు ముప్పును తక్కువగా చూపించిన సందర్భాలున్నాయి కాబట్టి, మీ పాత సీడీ4, పాత సిగరెట్లు, ఇప్పటి బీపీ కలిపి చూసి నేనైతే స్టాటిన్ మొదలుపెట్టమనే చెబుతాను. మీ వైద్యులు ఆ కాగితాన్ని పక్కన పెట్టడం నిర్లక్ష్యం కాకపోవచ్చు. అందులో 58 ఉన్నా 45 ఉన్నా ఆయన ఇచ్చే సలహా మారదు. ఏ స్కానుకైనా నేను పెట్టే పరీక్ష అదే: ఫలితం ఎటు వచ్చినా నిర్ణయం మారనప్పుడు అది ఎందుకు?


సమాధానం 3
రాసినవారు: వానచినుకు

నేనూ మీలాగే హెచ్‌ఐవీతో ఉన్నవాణ్ణే, తూర్పుగాలి గారూ. పైవారు చెప్పనిది ఒకటి చెబుతాను. స్టాటిన్ రాయించుకునే చోట మీ హెచ్‌ఐవీ మందుల పేర్లు తెలియనివ్వండి. నేను అప్పట్లో కోబిసిస్టాట్ (మిగతా హెచ్‌ఐవీ మందుల బలం పెంచేది) కలిసిన మందు వాడేవాణ్ణి. వేరొక చోట గుండె పరీక్షకు వెళ్ళినప్పుడు, అందరి ముందూ హెచ్‌ఐవీ మాట ఎత్తడానికి మనసొప్పక ‘వేరే మందులు కొన్ని వాడుతున్నాను’ అని ఊరుకున్నాను. ఆ వైద్యుడూ రెట్టించి అడగలేదు, సిమ్వాస్టాటిన్ రాసి ఇచ్చారు. నేను రెండు చీట్లూ ఒకేసారి బల్ల మీద పెడితే మందుల షాపులో ఉన్న అమ్మాయి రెండు పేర్లనూ మార్చి మార్చి చూసి, ‘ఇవి రెండూ కలిపి వాడకూడదు సార్, ఫోన్ చేసి కనుక్కోండి’ అంది. ఆ రెండూ కలిస్తే స్టాటిన్ రక్తంలో విపరీతంగా పెరిగి కండరాలు కరిగిపోయే ప్రమాదం ఉందట. ఇప్పుడు నా మందుల జాబితాను ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంటున్నాను. నోటితో చెప్పలేనిచోట ఆ కాగితాన్నే ముందుకు జరుపుతాను.

నాకు సీటీలో కాల్షియం స్కోరు సున్నా వచ్చింది. సున్నా వస్తే ఇక బెంగ లేనట్టేనా అన్నది నేను కూడా అపరాహ్ణం గారిని అడగాలనుకుంటున్నాను.


తూర్పుగాలి

ముగ్గురికీ కృతజ్ఞతలు. 1.08 అన్నది మంచి అంకె అని మీరు చెప్పేదాకా నాకు తెలియనే లేదు. ఇంకా కొన్ని సందేహాలు మిగిలాయి. వానచినుకు గారి ప్రశ్నే నాదీ: స్టాటిన్ వేసుకోవాలా వద్దా అన్నది తేలనప్పుడు కాల్షియం స్కోరు దారి చూపిస్తుందా? తాపమే మూలమైతే, దాన్ని రక్తపరీక్షతో నేరుగా కొలిపించుకోవడం మేలు కదా? ఆ పట్టీల పరీక్షను మళ్ళీ చేయించుకోవాలా?


సమాధానం 4
రాసినవారు: అపరాహ్ణం

కాల్షియం స్కోరు మంచి పరీక్షే. 1990లో అగాట్‌స్టన్ బృందం రూపొందించిన ఈ లెక్క, గుండె ధమనుల్లో సున్నం పట్టిన పూడిక ఎంతుందో చెబుతుంది. సూది, రంగుమందు అవసరం లేదు. సాధారణ జనాభాలో సున్నా వచ్చిందంటే వచ్చే కొన్నేళ్ళకు ధైర్యంగానే ఉండవచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో నేను అంత ధైర్యం చెప్పను, ఎందుకంటే వీరిలో సున్నం పట్టని మెత్తటి పూడిక ఎక్కువగా కనిపిస్తుంది, అది ఈ స్కోరులో పడదు. అమెరికాలో పురుషుల మీద జరిగి 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, రంగుమందు ఎక్కించి చేసిన సీటీలో మెత్తటి పూడిక హెచ్‌ఐవీ ఉన్నవారిలో 63 శాతం మందికీ, లేనివారిలో 54 శాతం మందికీ కనిపించింది. చీలి, రక్తం గడ్డకట్టి, హఠాత్తుగా గుండెపోటు తెచ్చేది తరచుగా ఈ మెత్తటి రకమే. రిప్రీవ్‌లో కూడా కొందరికి ఇటువంటి సీటీ తీశారు. ముప్పు తక్కువని లెక్కల్లో తేలిన ఆ మనుషుల్లో సగానికి దగ్గరగా అప్పటికే గుండె ధమనుల్లో ఎంతో కొంత పూడిక ఉంది. రెండేళ్ళకు స్టాటిన్ వాడినవారిలో ఆ మెత్తటి భాగం, వాడనివారితో పోలిస్తే 7 శాతం మేర తగ్గింది.

కాబట్టి వానచినుకు గారూ, సున్నా మంచిదే, దాన్ని చూసి బీపీనీ సిగరెట్టునూ వదిలేయకండి. తూర్పుగాలి గారూ, మీకు స్టాటిన్ వేసుకోవడం అసలు ఇష్టం లేకపోతే, స్కోరు ఎక్కువగా వస్తే మనసు మార్చుకుంటానని అనుకుంటే, అప్పుడు చేయించుకోండి. వేసుకోవడానికి సిద్ధపడితే అక్కరలేదు.

తాపాన్ని రక్తంలో కొలవడం గురించి. తాపాన్నీ రక్తం గడ్డకట్టడాన్నీ సూచించే ఐఎల్-6, డీ-డైమర్, సీడీ163 వంటివి పరిశోధనల్లో చాలా సంగతులు బయటపెట్టాయి. స్మార్ట్‌లో మొదటి రెండూ ఎక్కువగా ఉన్నవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. అయితే మీ డీ-డైమర్ ఇంత ఉంటే ఈ మందు ఇవ్వాలి అని చెప్పే నియమమేదీ వైద్యుల చేతిలో లేదు. హెచ్‌ఎస్-సీఆర్‌పీ సులువుగా దొరికే పరీక్షే గానీ, చిగుళ్ళ వాపు ఉన్నా జలుబు చేసినా అదీ పెరుగుతుంది. వీటి మీద ఖర్చు పెట్టమని నేను చెప్పను. ఇంకో సంగతి చాలామంది మరచిపోతారు: 2017లో వెలువడిన ఒక పరిశీలనలో, హెచ్‌ఐవీ ఉన్నవారి గుండెపోట్లలో దాదాపు సగం పూడిక చీలడం వల్ల వచ్చినవి కావు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ సోకడం, కొకైన్ వాడకం వంటి కారణాలతో గుండెకు అందే రక్తం చాలకపోవడం వల్ల వచ్చినవి. వీటిని ఏ స్కానూ ముందుగా పసిగట్టలేదు.


సమాధానం 5
రాసినవారు: నాడీతరంగం

పట్టీల పరీక్ష విషయం. మళ్ళీ చేయించుకోవాలని మీకనిపిస్తే బీపీ అదుపులోకి వచ్చాక, కొన్ని నెలలు ఆగి, అదే రకం యంత్రం మీద, అదే వేళకు, కాఫీ తాగకుండా చేయించుకోండి. వేరే కంపెనీ యంత్రం మీద వచ్చిన అంకెను ఈ 1540తో పోల్చకండి. పక్క గదిలో రక్తం ఇచ్చి, మెట్లెక్కి వచ్చి, వెంటనే పడుకున్నా అంకె పెరుగుతుంది.

అపరాహ్ణం గారితో ఒక్క విషయంలో నాకు భేదాభిప్రాయం ఉంది. స్టాటిన్ వేసుకోవాలా వద్దా అని ఊగిసలాడేవారికి మెడ ధమనిలో పూడికను చూపించడం వల్ల మేలు జరగడం నేను చూశాను. రేడియేషన్ లేదు, సూది లేదు, పావుగంట పని. తెర మీద తమ ధమని గోడకు అంటుకున్న గడ్డను కళ్ళారా చూసినవారు మాత్ర మానరు. వైద్యులు దాన్ని ‘నిర్ణయం మార్చని పరీక్ష’ అనవచ్చు. వాడకం మారితే అదీ మార్పే కదా.


సమాధానం 6
రాసినవారు: అపరాహ్ణం

ఆ మాట కాదనను. పూడిక కనబడితే నాడీతరంగం గారు చెప్పినట్టే జరుగుతుంది. నా భయమల్లా ఏమీ కనబడనివారి గురించి. ‘మీ మెడ శుభ్రంగా ఉంది’ అన్న మాట విని ఏడాదికే మాత్ర ఆపేసినవారిని నేను చూస్తుంటాను.

తూర్పుగాలి గారికి చివరగా చెప్పవలసింది బీపీ సంగతి. మీరు రాసిన అంకెలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆకర్షించింది 58 కాదు, ఆ 138, 88. ఇంట్లో భుజానికి చుట్టే డిజిటల్ బీపీ యంత్రంతో ఒక వారంపాటు ఉదయం మాత్రలకు ముందూ, సాయంత్రం భోజనానికి ముందూ చూసుకోండి. ముందుగా అయిదు నిమిషాలు కూర్చుని, వీపు ఆనించి, చెయ్యిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, నిమిషం ఎడంతో రెండుసార్లు కొలవండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అది 135, 85 దాటితే వైద్యులకు చూపించండి. మీ మాత్రలో రిటోనావిర్, కోబిసిస్టాట్ అనే బలం పెంచే మందులు లేవు కాబట్టి స్టాటిన్‌తో గానీ ఆమ్లోడిపిన్ వంటి బీపీ మందులతో గానీ పెద్దగా పేచీ ఉండదు. వానచినుకు గారిలా అవి ఉన్నవారైతే సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ అసలు ముట్టుకోకూడదు, అటోర్వాస్టాటిన్ మోతాదు తగ్గించాలి. పిటావాస్టాటిన్‌కు ఆ చిక్కు లేదు. మీకు షుగరు వచ్చి మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టవలసి వస్తే మాత్రం డోలుటెగ్రావిర్ వాడుతున్నట్టు తప్పక చెప్పండి, రోజుకు 1000 మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు. ఎప్పుడైనా మీ టెనోఫోవిర్‌ను దాని కొత్త రకమైన అలాఫెనమైడ్‌కు మారిస్తే ఎల్‌డీఎల్ కొంత పెరగవచ్చు. పాత రకానికి కొలెస్ట్రాల్‌ను కాస్త అణిచి ఉంచే గుణం ఉంది. మందు మార్చిన మూడు నెలలకు లిపిడ్ పరీక్ష మరొకసారి చేయించమని అడగండి.